వరల్డ్ కప్ బిడ్ వార్తను చదవడం ఎలా? స్టేడియం బొమ్మలు చివర్లో చూడండి

ఏదైనా దేశం ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి బిడ్ వేసిందంటే ముందుగా బయటికొచ్చేది ఒక వీడియో. రాత్రిపూట ధగధగలాడే స్టేడియం, జెండా పట్టుకుని నవ్వే పిల్లలు, డ్రోన్ షాట్‌లో ఎడారో సముద్రమో ఏదో ఒకటి. అది చూసి సగం మంది "ఇక వీళ్ళకే ఖాయం" అంటారు, మిగతా సగం "వీళ్ళకంత సీన్ లేదు" అంటారు. ఆ వీడియోకీ ఫలితానికీ దాదాపు ఏ సంబంధమూ ఉండదు. బిడ్ నెగ్గుతుందా, నెగ్గితే ఆ దేశానికి చివరికి ఏం మిగులుతుంది అన్నది పట్టుకోవాలంటే ఓటు ఎవరి చేతిలో ఉందో, సర్కారు ఏ కాగితం మీద సంతకం పెట్టిందో, బిల్లు ఎవరు కడుతున్నారో చూడాలి. స్టేడియాల సంగతి ఆ తర్వాత.

ఇది నేర్చుకోవడానికి మొరాకో కంటే మంచి కేసు లేదు. 1994, 1998, 2006, 2010, 2026... ఇన్ని వరల్డ్ కప్పులకి బిడ్ వేసి ప్రతిసారీ ఓడిపోయింది. ఆఖరికి 2030కి స్పెయిన్, పోర్చుగల్‌తో చేతులు కలిపి దక్కించుకుంది. ఓడిన ప్రతిసారీ కారణం వేరు కాబట్టి, ఆ చరిత్ర తెలిస్తే రేపు ఏ దేశం బిడ్ వేసినా ఎక్కడ చూడాలో మీకే తెలిసిపోతుంది.

ముందు ఓటు ఎవరిదో తేల్చుకోండి

చాలా ఏళ్ళపాటు ఈ నిర్ణయం ప్రపంచ ఫుట్‌బాల్‌ని నడిపే సంస్థ ఫిఫా ఎగ్జిక్యూటివ్ కమిటీది. అంటే ఒక గదిలో కూర్చున్న ఇరవై చిల్లర మంది, రహస్య ఓటు. అంత తక్కువ మంది ఉన్నచోట ఒక్కరు మనసు మార్చుకున్నా వరల్డ్ కప్ ఖండమే మారిపోతుంది, నిజంగానే మారింది కూడా. 2000 జులైలో 2006 టోర్నీ కోసం ఓటింగ్ జరిగింది. మొరాకో మొదటి రౌండ్‌లోనే 3 ఓట్లతో బయటికి పోయింది, ఆ తర్వాత ఇంగ్లండ్, చివరికి జర్మనీ, దక్షిణాఫ్రికా మిగిలాయి. ఓషియానియా తరఫున ఓటు ఉన్నది న్యూజిలాండ్‌కి చెందిన చార్లెస్ డెంప్సీ అనే పెద్దాయనకి. ఇంగ్లండ్ పోయాక దక్షిణాఫ్రికాకి వేయమని ఆయన సమాఖ్య చెప్పి పంపింది. ఆయన చివరి రౌండ్‌లో ఎవరికీ వేయలేదు. జర్మనీ 12, దక్షిణాఫ్రికా 11. ఆయన ఓటు పడి ఉంటే 12-12 అయ్యేది, అప్పుడు కాస్టింగ్ ఓటు అధ్యక్షుడు సెప్ బ్లాటర్‌ది, ఆయన మొగ్గు దక్షిణాఫ్రికా వైపు అన్నది అప్పట్లో బహిరంగ రహస్యమే. దాని తర్వాతే ఫిఫా, ఖండాలవారీగా వంతులు వేస్తామని 2010ని ఆఫ్రికాకి కేటాయించింది.

అలాంటి గదిలో మొరాకో లెక్కలు చూడండి. 1988 జులై 4న జ్యూరిచ్‌లో 1994 టోర్నీకి ఓటింగ్ పెడితే అమెరికాకి 10, మొరాకోకి 7, బ్రెజిల్‌కి 2 వచ్చాయి. అప్పటికి అమెరికాలో చెప్పుకోదగ్గ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగే లేదు, ఉన్న ఒక్కటీ మూతపడింది, ఇంకోటి పెడతామన్న మాట మీదే బిడ్ నడిచింది. ఆ కొత్త లీగ్ మొదలయ్యేసరికి 1996, అంటే వరల్డ్ కప్ అయిపోయిన రెండేళ్ళకి. అయినా గెలిచారు, ఎందుకంటే ఫిఫాకి కావాల్సింది ఆ మార్కెట్. 1992లో, 1998 టోర్నీ కోసం జరిగిన ఓటింగ్‌లో ఫ్రాన్స్ 12-7తో ఓడించింది. 2004లో ఆఫ్రికా వంతు వచ్చింది, ఈసారి కూడా దక్షిణాఫ్రికాకి 14, మొరాకోకి 10, ఈజిప్ట్‌కి సున్నా. పది ఓట్లు తెచ్చుకోవడం చిన్న విషయం కాదు, కానీ ఇక్కడ రెండో స్థానానికి పతకం ఇవ్వరు.

2010 డిసెంబర్ 2న 2018, 2022 రెండింటినీ ఒకే రోజు తేల్చేశారు. ఓటు అమ్ముకునేందుకు సిద్ధపడ్డారన్న ఆరోపణల మీద ఇద్దరు సభ్యులు సస్పెండ్ కావడంతో 22 మందే ఓటేశారు, చివరి రౌండ్‌లో ఖతార్‌కి 14, అమెరికాకి 8. ఖతార్ వేసవి ఎండ గురించి ఫిఫా సొంత పరిశీలన బృందమే హెచ్చరించింది, ఆ రిపోర్ట్‌ని ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. 2015 మేలో జ్యూరిచ్ హోటల్‌లో పొద్దున్నే పోలీసులు దిగి ఫుట్‌బాల్ పెద్దల్ని పట్టుకెళ్ళడం, బ్లాటర్ కుర్చీ దిగడం, ఈ గొడవలన్నీ నడిచిన ఆ ఏళ్ళలోనే ఓటు కమిటీ నుంచి ఫిఫా కాంగ్రెస్‌కి, అంటే సభ్య దేశాల సంఘాలన్నిటికీ వెళ్ళింది.

కాబట్టి ఇప్పుడు మీరు వేయాల్సిన లెక్క వేరు. మొత్తం 211 సంఘాలు: యూరప్ 55, ఆఫ్రికా 54, ఆసియా 46, ఉత్తర మధ్య అమెరికా కరీబియన్ 35, ఓషియానియా 11, దక్షిణ అమెరికా 10. ఇక్కడ బ్రెజిల్‌కీ ఒక ఓటే, భూటాన్‌కీ ఒక ఓటే. "ఆ దేశానికి ఫుట్‌బాల్ చరిత్ర ఉంది" అన్న మాటకి ఈ పట్టికలో విలువ లేదు. బిడ్ వేసిన దేశం ఏ ఖండాన్ని గంపగుత్తగా తెచ్చుకోగలదు, ఏ ఖండంలో చీలిక వస్తుంది, అదీ చూడాల్సింది.

2018 జూన్ 13న, రష్యా వరల్డ్ కప్ మొదలవడానికి ముందు రోజు మాస్కోలో ఇదే పద్ధతిలో మొదటిసారి ఓటింగ్ జరిగింది. మొరాకో ఒకవైపు, అమెరికా, కెనడా, మెక్సికో కలిసి ఇంకోవైపు. మూడో ఆప్షన్ కూడా ఉంది, ఈ రెండూ వద్దు అని. ఫలితం 134-65. ఆఫ్రికా మొత్తం తమదే అనుకున్న మొరాకోకి అక్కడే కొన్ని ఓట్లు జారిపోయాయి. అరబ్ దేశాలు కలిసి ఉంటాయనుకుంటే సౌదీ అరేబియా అమెరికాకి వేసింది, దాని మీద మొరాకోలో ఎంత మంట రేగిందో చెప్పక్కర్లేదు. ఫ్రాన్స్ మాత్రం మొరాకోకే వేసింది. ఈ వివరాలు మనకెలా తెలుసంటే, ఈసారి ఎవరు ఎవరికి వేశారో ఫిఫా జాబితా బయట పెట్టింది. ఓటు బహిరంగమా రహస్యమా అన్నది అందుకే ముందే కనుక్కోవాలి. బహిరంగమైతే సంఘాల వెనక వాళ్ళ విదేశాంగ శాఖలు కూడా ఉంటాయి, ఆ ఏప్రిల్‌లో ట్రంప్ "మేం ఎప్పుడూ ఆదుకునే దేశాలు మాకు వ్యతిరేకంగా పనిచేస్తే బాగుండదు" అన్న ధోరణిలో ట్వీట్ పెట్టింది ఊరికే కాదు.

అసలు పోటీ ఉందో లేదో చూడండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. బిడ్ అనగానే ఇద్దరు ముగ్గురు పోటీ పడుతున్నారనుకుంటాం. కానీ ఓటింగ్ దాకా రాకుండానే తేలిపోయేవి ఎక్కువైపోతున్నాయి.

2030 కథే తీసుకోండి. మొదట స్పెయిన్, పోర్చుగల్ బిడ్ వేశాయి, 2022 అక్టోబర్‌లో యుక్రెయిన్‌ని కలుపుకున్నాయి. ఇంకోవైపు మొదటి వరల్డ్ కప్ జరిగి వందేళ్ళవుతోంది కాబట్టి మాకే ఇవ్వాలని ఉరుగ్వే, అర్జెంటీనా, పరాగ్వే, చిలీ జట్టుకట్టాయి. 2023 మార్చిలో యుక్రెయిన్ పక్కకెళ్ళి మొరాకో లోపలికొచ్చింది. అప్పటికి మొరాకో పరిస్థితి కూడా మారిపోయింది, ఖతార్‌లో స్పెయిన్‌నీ పోర్చుగల్‌నీ ఇంటికి పంపి సెమీఫైనల్ ఆడిన మొదటి ఆఫ్రికా జట్టు అది. ఓడించినవాళ్ళతోనే కలిసి బిడ్! 2023 అక్టోబర్ 4న ఫిఫా కౌన్సిల్ (పాత ఎగ్జిక్యూటివ్ కమిటీ స్థానంలో వచ్చింది) రెండు వర్గాల్నీ ఒక్కటి చేసేసింది: టోర్నీ ఈ మూడు దేశాల్లో, మొదట్లో ఒక్కో మ్యాచ్ ఉరుగ్వే, అర్జెంటీనా, పరాగ్వేలకి. చిలీకి ఒక్కటీ రాలేదు, పాపం.

దీని అసలు ప్రభావం ఎక్కడ పడిందో చూడండి. ఒకసారి ఆతిథ్యమిచ్చిన ఖండం ఆ తర్వాతి రెండు టోర్నీలకి పోటీ పడకూడదన్న నియమం ఉంది. 2026 ఉత్తర అమెరికాకి పోయింది, 2030 యూరప్, ఆఫ్రికా, దక్షిణ అమెరికాలకి పంచేశారు. ఇక 2034కి మిగిలింది ఆసియా, ఓషియానియా. ఆసక్తి ఉన్నవాళ్ళు అక్టోబర్ 31లోపు చెప్పాలన్నారు, అంటే నాలుగు వారాలు కూడా లేవు. సౌదీ ఆ అక్టోబర్ 4నే చెయ్యెత్తింది, ఆస్ట్రేలియా గడువు రోజున మాకొద్దంది. అయిపోయింది. 2024 డిసెంబర్ 11న ఆన్‌లైన్‌లో కాంగ్రెస్ పెట్టి రెండు టోర్నీలనీ కలిపి ఆమోదించారు. ఓటింగ్ లేదు, స్క్రీన్ మీద చిన్న చిన్న డబ్బాల్లో కూర్చున్న ప్రతినిధులు కెమెరా ముందు చప్పట్లు కొట్టారు, అదే ఆమోదం. నార్వే సంఘం ఒక్కటి ఈ పద్ధతి బాలేదని అభ్యంతరం నమోదు చేయించుకుంది.

అందుకే "ఫలానా దేశం బిడ్" అన్న వార్త కనిపిస్తే మొదట అడగాల్సిన ప్రశ్నలు: ఈసారి ఏయే ఖండాలకి అర్హత ఉంది, గడువు ఎప్పుడు, ఇంకెవరు బరిలో ఉన్నారు. ఇవి తేలితే సగం పని అయిపోయినట్టే.

ఎవాల్యుయేషన్ రిపోర్ట్ ఎలా చదవాలి

బిడ్ బుక్ అంటే ఆ దేశం తన గురించి తాను రాసుకున్నది. వందల పేజీలుంటుంది, చదవడానికి బాగుంటుంది, అరచేతిలో వైకుంఠం చూపిస్తుంది. మీకు కావాల్సింది ఫిఫా రాసిన ఎవాల్యుయేషన్ రిపోర్ట్. రెండూ ఫిఫా సైట్‌లో పీడీఎఫ్‌లుగా పెడతారు. రిపోర్ట్ తెరిచి ముందుమాట వదిలేసి నేరుగా మార్కుల పట్టికకీ, రిస్క్ పట్టికకీ వెళ్ళండి.

2026కి పెట్టిన వెయిటేజీ చూస్తే ఫిఫాకి ఏది ముఖ్యమో అర్థమవుతుంది. స్టేడియాలకి 35 శాతం, రవాణాకి 13, టెక్నాలజీ, ప్రసార కేంద్రానికి 7, హోటళ్ళకి 6, జట్ల, రిఫరీల సౌకర్యాలకి 6, ఫ్యాన్ ఫెస్ట్‌కి 3. ఇదంతా 70. మిగతా 30 శాతం పూర్తిగా డబ్బు: నిర్వహణ ఖర్చు, మీడియా మార్కెటింగ్ ఆదాయం, టికెట్ల ఆదాయం, తలా పది. మానవ హక్కులు, పర్యావరణం, చట్టపరమైన విషయాలకి మార్కుల్లేవు, వాటికి రిస్క్ తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని మాత్రమే రాస్తారు. అంటే అక్కడ ఎంత ఘోరంగా ఉన్నా టోటల్ మార్కులు తగ్గవు. కీలకమైన విభాగాల్లో 5కి 2 కంటే తక్కువొస్తే మాత్రం ఓటింగ్‌కి వెళ్ళకుండానే బిడ్ పోతుంది.

ఉత్తర అమెరికాకి 5కి 4.0, మొరాకోకి 2.7 వచ్చాయి. స్టేడియాలు, వసతి, రవాణా మూడింట్లోనూ మొరాకోకి హై రిస్క్ రాశారు. కారణం సింపుల్. మొరాకో చూపించిన 14 స్టేడియాల్లో 9 అప్పటికి కాగితం మీదే ఉన్నాయి, మిగతా అయిదూ మరమ్మతు చేయాల్సినవి. అవతలి పక్షం 23 స్టేడియాలు చూపించి ఇందులోంచి 16 ఏరుకోండి, టోర్నీ కోసమని ఒక్కటీ కట్టక్కర్లేదు అంది. మొరాకో బిడ్‌లో నాకు నిజంగా నచ్చిన ఆలోచన ఒకటుంది, చిన్న ఊళ్ళలో టోర్నీ అయ్యాక సీట్లు విప్పేసి సైజు తగ్గించుకునే స్టేడియాలు. మంచి ఆలోచనే, కానీ కట్టని స్టేడియానికి మంచి ఆలోచన మీద మార్కులు పడవు.

ఇంకో అంకె ఫలితాన్ని మార్కులకంటే ఎక్కువ తేల్చిందని నా ఉద్దేశం. తమ టోర్నీతో ఫిఫాకి 1100 కోట్ల డాలర్ల లాభం వస్తుందని ఉత్తర అమెరికా చెప్పింది, మొరాకో 500 కోట్లంది. ఫిఫా లాభంలో సభ్య సంఘాలకి వాటా వెళ్తుంది. ఓటేసేదీ ఆ సంఘాలే. ఏ చిన్న ద్వీపం సంఘం అధ్యక్షుడైనా ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని ఏం చేస్తాడో ఊహించడానికి ఫుట్‌బాల్ తెలియనక్కర్లేదు.

అలాగని ఈ మార్కుల్ని మరీ నమ్మకండి. 2034కి సౌదీకి 500కి 419.8 వచ్చాయి, ఉత్తర అమెరికా బిడ్‌కి 2018లో వచ్చింది 402.8. 15 స్టేడియాల్లో చాలా భాగం ఇంకా కట్టాల్సినవే, ఒకటైతే నేలకి 350 మీటర్ల ఎత్తున, ఇంకా కట్టని నగరంలో. కొత్త స్టేడియాలు ఎక్కువని మొరాకోకి మార్కులు కోసినవాళ్ళే, పోటీ లేని చోట చెయ్యి ధారాళంగా వదిలారు. మానవ హక్కుల రిస్క్ "మధ్యస్థం" అని రాశారు, దాని మీద హక్కుల సంఘాలు మండిపడ్డాయి. ఒకే రేసులో ఉన్న రెండు బిడ్‌లని పోల్చుకోవడానికి ఆ మార్కులు పనికొస్తాయి, వేర్వేరు ఏళ్ళ బిడ్‌లని పోల్చడానికి పనికిరావు.

సంతకాలు, బిల్లులు

బిడ్‌లో అన్నిటికంటే తక్కువ మంది చదివేది, అన్నిటికంటే ఎక్కువ కాలం వెంటాడేది ప్రభుత్వ గ్యారంటీలు. పన్ను మినహాయింపు, వీసాలు, వర్క్ పర్మిట్లు, భద్రత, స్పాన్సర్ల హక్కుల రక్షణ... వీటి మీద ఫుట్‌బాల్ సంఘం సంతకం చాలదు, సర్కారు సంతకం కావాలి. ప్రసార హక్కుల డబ్బు, స్పాన్సర్ల డబ్బు ఫిఫాకి, టికెట్ల డబ్బులోనూ సింహభాగం అటే. 2019 నుంచి 2022 దాకా నాలుగేళ్ళకి ఫిఫా ఆదాయం సుమారు 757 కోట్ల డాలర్లు. రోడ్లు, ఎయిర్‌పోర్టులు, స్టేడియాలు, పోలీసులు ఆతిథ్య దేశానివి. మండపం మీది, భోజనాల ఖర్చు మీది, చదివింపులు మాత్రం వాళ్ళవి.

సంతకం ఎంత దూరం పోతుందో బ్రెజిల్‌ని అడగండి. స్టేడియాల్లో మద్యం నిషేధం ఉన్న దేశం అది, గొడవలు తగ్గించడానికి పెట్టుకున్న నిషేధం. బీర్ కంపెనీ స్పాన్సర్ కాబట్టి అమ్మాల్సిందేనని ఫిఫా పట్టుబట్టింది, 2012లో ప్రత్యేక చట్టం చేసి దారి ఇవ్వాల్సొచ్చింది. ఖతార్ మాత్రం టోర్నీకి రెండు రోజుల ముందు స్టేడియాల దగ్గర బీర్ లేదని తేల్చేసింది, ఫిఫా కిక్కురుమనలేదు. సంతకం ఒకటే అయినా పెట్టినవాడి బలాన్ని బట్టి దాని బరువు మారుతుందన్నమాట.

వద్దనుకుని తప్పుకున్న దేశం కూడా ఒకటుంది. 1986 వరల్డ్ కప్‌ని 1974లోనే కొలంబియాకి ఇచ్చారు. ఈలోపు జట్లు 16 నుంచి 24 అయ్యాయి, ఫిఫా కోరికల చిట్టా పెరిగింది. 1982లో అధ్యక్షుడు బెతాంకూర్, మాకు చేసుకోవాల్సిన పనులు చాలా ఉన్నాయి, ఈ ఆడంబరాలకి టైమ్ లేదని చెప్పేసి తప్పుకున్నాడు. టోర్నీ మెక్సికోకి వెళ్ళింది. గెలిచాక కూడా కాదనొచ్చు అన్నది గుర్తుంచుకోండి, కాకపోతే ఆ ధైర్యం చేసింది ఆయన ఒక్కడే.

మొరాకోలో ఈ బిల్లు గొడవ ఇప్పటికే రోడ్డెక్కింది. కాసాబ్లాంకా దగ్గర బెన్‌స్లిమాన్‌లో 1,15,000 మంది పట్టే స్టేడియం, గుడారం ఆకారంలో కడుతున్నారు. రబాత్‌లో పాతది కూలగొట్టి కొత్తది 2025 సెప్టెంబర్‌లో తెరిచారు. అదే నెలలో అగాదిర్ ప్రభుత్వాసుపత్రిలో కాన్పులకొచ్చిన ఆడవాళ్ళ మరణాలు బయటపడ్డాయి. అగాదిర్ కూడా 2030 మ్యాచ్‌ల ఊరే. సెప్టెంబర్ 27 నుంచి కుర్రకారు ఊరూరా వీధుల్లోకి వచ్చారు, వాళ్ళ ఉద్యమం పేరు జెన్ జీ 212, ఆ 212 దేశం ఫోన్ కోడ్. "స్టేడియాలు ఇవిగో, ఆసుపత్రులేవీ?" అన్నది వాళ్ళ నినాదం. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే దేశంలోనే ఇది జరిగింది.

ఇంకోవైపు న్యాయంగా చెప్పాలంటే, ఓడిన బిడ్‌ల వల్ల కూడా మొరాకోకి పనులు జరిగాయి, లేదా కనీసం ఆ పనులు ఓటమితో ఆగలేదు. మాస్కోలో ఓడిన అయిదు నెలలకే టాంజియర్, కాసాబ్లాంకా మధ్య అల్ బొరాక్ రైలు మొదలైంది, గంటకి 320 కిలోమీటర్ల వేగం, ఆఫ్రికాలో మొదటి హైస్పీడ్ రైలు. ఇప్పుడు దాన్ని మర్రాకేష్ దాకా పొడిగిస్తున్నారు. బిడ్‌లో ఉన్న ఖర్చుని మీరు రెండుగా విడదీసి చూడాలి: బిడ్ ఓడినా కట్టేవి ఏవి, బిడ్ కోసమే కట్టేవి ఏవి. రైలు మొదటి రకం. అమెజాన్ అడవి మధ్యలో మనౌస్ ఊళ్ళో బ్రెజిల్ కట్టిన స్టేడియం రెండో రకం, ఆ వరల్డ్ కప్‌లో అక్కడ జరిగినవి నాలుగే మ్యాచ్‌లు, టాప్ డివిజన్‌లో ఆడే క్లబ్ ఆ ఊళ్ళో ఒక్కటీ లేదు.

ఇక స్టేడియాలు

ఇప్పుడు చూడండి బొమ్మలు. గ్రూప్ మ్యాచ్‌లకి కనీసం 40 వేల సీట్లు, సెమీఫైనల్స్‌కి 60 వేలు, మొదటి మ్యాచ్‌కీ ఫైనల్‌కీ 80 వేలు ఉండాలి. ప్రతి స్టేడియం పక్కనా ఉన్నది, మరమ్మతు, కొత్తది అని రాసుకోండి. కొత్తదైతే టోర్నీ తర్వాత అందులో ఏ క్లబ్ ఆడుతుందో బిడ్ బుక్‌లో వెతకండి, క్లబ్ పేరు లేకుండా "బహుళ ప్రయోజన వేదిక" లాంటి మాట కనిపిస్తే అనుమానించండి.

గెలిచాక జాబితా మారుతుందని కూడా ముందే అనుకోండి. ఖతార్ బిడ్‌లో 12 స్టేడియాలు, ఆడింది 8లో. వేసవిలో ఏసీ పెట్టి ఆడిస్తామన్న టోర్నీ నవంబర్, డిసెంబర్‌కి జరిగింది, యూరప్ లీగ్‌లన్నీ క్యాలెండర్ మార్చుకోవాల్సొచ్చింది. 2030 బిడ్‌లో 20 స్టేడియాలుంటే స్పెయిన్‌లోని మాలగా 2025లో తప్పుకుంది, స్టేడియం పెంచే పని అయ్యేదాకా అక్కడి క్లబ్ ఎక్కడ ఆడాలో తేలకపోవడమే కారణం. అందుకే మీ అభిమాన నగరం జాబితాలో ఉందని ఇప్పుడే హోటల్ బుక్ చేసుకోకండి.

కట్టేది ఎవరన్నది మనకి దూరపు విషయం కాదు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పక్క ఊళ్ళలో గల్ఫ్‌కి వెళ్ళని ఇల్లు దొరకడం కష్టం, ఖతార్‌లో ఆ పదేళ్ళు పని చేసినవాళ్ళలో మనవాళ్ళు చాలామంది. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారడానికి వీలు, నెలకి వెయ్యి రియాళ్ళ కనీస వేతనం లాంటి మార్పులు ఖతార్‌లో 2020, 2021 నాటికి గానీ రాలేదు, అప్పటికి స్టేడియాల పని చాలావరకు అయిపోయింది. సౌదీ బిడ్ చదివేటప్పుడు, లేదా మీవాళ్ళెవరైనా అక్కడికి పనికి వెళ్తున్నప్పుడు, కార్మికుల పేజీలో "చేస్తాం" అని ఉందా, ఫలానా తేదీకి చేస్తాం అని ఉందా చూడండి. తేదీ లేని హామీని హామీగా లెక్కవేయకండి.

మన దేశం బిడ్ వేస్తే

వరల్డ్ కప్ మాట పక్కన పెట్టండి, ఇప్పుడు దొరికే స్టేడియాలతో అది ఇప్పట్లో తేలే పని కాదు. 2024 సెప్టెంబర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగిన మన గచ్చిబౌలి స్టేడియం కెపాసిటీ దాదాపు 30 వేలు, చుట్టూ రన్నింగ్ ట్రాక్. గ్రూప్ మ్యాచ్‌కి కూడా సరిపోదు. అండర్ 17, ఆసియా కప్ స్థాయి టోర్నీలైతే వేరే కథ, అవి మనకి అందేవే.

2017 అండర్ 17 వరల్డ్ కప్ మనదే. ఢిల్లీ, కోల్‌కతా, కొచ్చి, గువాహటి, గోవా, నవీ ముంబైలో జరిగింది, మొత్తం 13,47,133 మంది వచ్చారు, ఆ టోర్నీ చరిత్రలో అదే రికార్డు. హైదరాబాద్ లేదు. ఆ బిడ్ కూడా 2013లో గ్యారంటీల దగ్గరే చిక్కుకుంది, కేంద్రం ఒప్పుకున్నాకే కదిలి డిసెంబర్‌లో ఖాయమైంది. 2027 ఆసియా కప్‌కి చివరి ఇద్దరిలో మనమూ సౌదీ మిగిలాం. 2022 డిసెంబర్‌లో మన ఫుట్‌బాల్ సంఘం ఏఐఎఫ్ఎఫ్ తప్పుకుంది, పెద్ద టోర్నీలు ఇప్పుడు మా ప్రాధాన్యం కాదు, కింది స్థాయిలో ఆటని పెంచుకుంటాం అని చెప్పింది. చాలామంది తిట్టారు. నాకైతే అది తెలివైన పనే అనిపించింది.

ఇంకో జాగ్రత్త. 2022 ఆగస్టులో బయటివాళ్ళ జోక్యం ఉందని ఫిఫా మన సంఘాన్నే సస్పెండ్ చేసింది, అక్టోబర్‌లో మనం అండర్ 17 అమ్మాయిల వరల్డ్ కప్ పెట్టుకుని ఉన్నాం. సస్పెన్షన్ ఎత్తేసేదాకా ఆ పది రోజులూ టోర్నీ ఉంటుందో పోతుందో అని ఒకటే టెన్షన్. చివరికి భువనేశ్వర్, గోవా, నవీ ముంబైలో జరిగింది. అంచేత మళ్ళీ ఎప్పుడైనా "భారత్ బిడ్" అని హెడ్డింగ్ కనిపిస్తే ముందు సంఘంలో ఎన్నికల గొడవలు, కోర్టు కేసులు ఏమైనా నడుస్తున్నాయేమో వెతకండి. తర్వాత కేంద్ర మంత్రివర్గం గ్యారంటీలకి ఆమోదం తెలిపిందా చూడండి. అది లేకుండా ఏ మంత్రిగారు మైక్ ముందు "మా రాష్ట్రంలోనే ఫైనల్" అన్నా, అప్పటికి అది బిడ్ కాదు, ప్రెస్ మీటే.